చేతులు మారిన పడవ

వాడిన మోటారు పడవ కొన్నవాళ్లకు మొదటి నిరాశ ఎక్కువగా వేగం దగ్గరే ఎదురవుతుంది. అమ్మినవాడు గంటకు నలభై మైళ్లు పోతుందన్నాడు. నీళ్లలో దింపి లీవరు చివరిదాకా నెట్టినా ముప్పై దాటదు. పడవ ముక్కు పైకి లేస్తుంది, ఇంజను రొద పెరుగుతుంది, పడవ మాత్రం నీళ్లను తోసుకుంటూ బరువుగా కదులుతుంది. ఇంజను అరిగిపోయిందని, మోసపోయామని అనుకోవడం తేలిక. చాలాసార్లు అది నిజం కాదు. పోయిందనుకున్న వేగం ఆ పడవలోనే ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది: అడుగున చేరిన నీటిలో, సరిపడని ప్రొపెల్లరులో, పూర్తిగా తెరుచుకోని థ్రాటిల్ కేబులులో, ఇంజను బిగించిన ఎత్తులో. దాన్ని వెతికి పట్టుకోవడమే కొత్త యజమానికి మొదటి సీజను పని. ఆ వెతుకులాటలోనే పడవ స్వభావం తెలుస్తుంది. నీటి మీద సరదా కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

పడవ రెండు రకాలుగా కదులుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు నీళ్లలో మునిగి, వాటిని చీల్చుకుంటూ పోతుంది. వేగం ఒక హద్దు దాటాక నీళ్లే దాన్ని పైకెత్తుతాయి. అప్పుడు చెరువు మీద అడ్డంగా విసిరిన చిల్లపెంకులా పైపైన జారుతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. విహారానికి వాడే చిన్న మోటారు పడవల్లో చాలావాటి అడుగును ఈ జారుడు కోసమే మలుస్తారు. మన పాత పడవ మాటల్లో ముందుకొస అణియం, వెనుకకొస అమరం. ఈ రెండు స్థితుల మధ్య అమరం కుంగి, అణియం లేచి, తాను లేపిన అలనే తాను ఎక్కలేక పడవ అవస్థపడే దశ ఒకటి ఉంటుంది. బాగున్న పడవ దాన్ని కొన్ని సెకన్లలో దాటేస్తుంది. లోపమున్న పడవ అక్కడే చిక్కుకుని పెట్రోలు తాగుతుంది. పాత పడవ ఆరోగ్యం తెలుసుకోవాలంటే దాని గరిష్ఠ వేగం కంటే ఈ గట్టెక్కడం ఎంత తేలిగ్గా జరుగుతోందో చూడటం మేలు.

ఇలాంటి పడవలు ఎక్కువగా కనిపించే చోట్లలో అమెరికాలోని టెక్సాస్ ఒకటి. ఆ రాష్ట్రంలో సరస్సులని పిలిచేవన్నీ ఇంచుమించు ఆనకట్టలు కట్టగా ఏర్పడ్డ జలాశయాలే. డాలస్ చుట్టూ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ ఉన్నాయి. ఉత్తరాన ఓక్లహోమా సరిహద్దులో రెడ్ నది మీద టెక్సోమా ఉంది. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు వీటిలో ఏదో ఒకటి గంటలోపు దూరంలోనే దొరుకుతుంది. ఈ నీళ్ల మీద తరచుగా కనిపించేది పద్దెనిమిది, పంతొమ్మిది అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. దాని అమరానికి బయట తగిలించిన ఔట్‌బోర్డ్ ఇంజను ఉంటుంది. ఇక్కడ చెప్పే లెక్కలు 115 హార్స్ పవర్ ఇంజను ఉన్న అలాంటి పడవకు చెందినవి.

ఔట్‌బోర్డ్‌ను జనంలోకి తెచ్చిన ఓలె ఎవిన్‌రూడ్ నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగినవాడు. విస్కాన్సిన్‌లోని ఒక సరస్సులో, ఎండలో ఐస్‌క్రీం కోసం ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ వెళ్లి వచ్చేసరికి అది కరిగిపోయిందని, ఆ చిరాకులోంచే పడవకు తగిలించే మోటారు ఆలోచన పుట్టిందని కథ చెబుతారు. ఆయన 1909లో మిల్వాకీలో అమ్మకాలు మొదలుపెట్టాడు. ఆ పేరుతో ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది. వాడిన పడవ వెనుక ఆ పేరు కనిపిస్తే ఇంజను చెడ్డదని కాదు, విడిభాగాలు, మెకానిక్కు దగ్గరలో దొరుకుతారో లేదో ముందే కనుక్కోవాలని.

కాగితాల పని చిన్నదే, కానీ వాయిదా వేయకూడదు. పడవ అమరం మీద కుడివైపు పై అంచు దగ్గర పన్నెండు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. అందులో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం చెబుతాయి. టెక్సాస్‌లో పడవకూ ఔట్‌బోర్డ్ ఇంజనుకూ విడివిడిగా టైటిళ్లు ఉంటాయి. పడవ కాగితం చేతికొచ్చింది కదా అని ఇంజను కాగితం అడగకుండా వచ్చేసినవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు.

వేగాన్ని మింగే మొదటి దొంగ బరువు. పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో డెక్కు కింద తేలుడు కోసం నింపిన ఫోమ్ ఉంటుంది. దానికి ఆనుకుని నిడుపాటి చెక్క దూలాలు, వాటి పైన ఫైబర్ పూత ఉంటాయి. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రం గుండా ఏళ్ల తరబడి దిగిన వాన నీరు ఆ ఫోమ్‌ను తడిపేస్తే అది మళ్లీ ఆరదు. లీటరు నీళ్లు కిలో బరువు. నూట యాభై లీటర్లు చేరితే కనపడని మనుషులు ఇద్దరు ఎప్పుడూ పడవలో కూర్చున్నట్టే. దీన్ని తేల్చుకునే దారి ఒకటుంది. హైవే పక్కన ట్రక్కులు తూచే కాటా మీద ట్రెయిలరుతో సహా పడవను తూయించి, ట్రెయిలరు బరువు, ఇంజను బరువు, ట్యాంకులోని పెట్రోలు బరువు తీసేసి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చి చూడాలి. కాటా దొరకకపోతే కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టు, ప్లాస్టిక్ సుత్తితో డెక్కు మీద, అమరం మీద తట్టి వినాలి. గట్టి చోట ఠంగుమంటుంది, కుళ్లిన చోట దబ్బుమంటుంది. ఇంజను కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు అమరం పలక కదిలితే లోపలి చెక్క చీకిపోయినట్టే. ఆ పడవను బాగుచేయించేదాకా నీళ్లలో దింపకూడదు.

నీళ్లు చేరకపోయినా సామాను చేరుతుంది. పాత యజమాని వదిలేసిన రెండో లంగరు, తుప్పు పట్టిన పనిముట్లు, తడిసిన మోకులు, ఎవరూ వాడని కూలరు, గడువు దాటిన నూనె డబ్బాలు బయటికి తీసి కుప్ప వేస్తే ఎంతున్నాయో అప్పుడు తెలుస్తుంది. డబ్బు ఖర్చు లేకుండా వేగం పెంచే పనుల్లో ఇదొకటి. కొన్న వారాంతంలోనే చేసుకోవాలి.

అడుగు భాగాన్ని చూడటానికి ట్రెయిలరు కిందికి పాకాల్సి వస్తుంది. అయినా తప్పదు. సరస్సులో నెలల తరబడి ఉంచిన పడవకు నాచు పడుతుంది. అరచేతికి జిగురుగా తగిలే పలుచటి పొర కూడా నీటిలో పెద్ద అడ్డంకే. అంతకంటే మొండి లోపం అడుగు వంగిపోవడం. ట్రెయిలరు మీద పడవను మోసే దిమ్మలు అమరం చివరిదాకా రాకపోతే, ఏళ్లపాటు మోసిన ఇంజను బరువుకు అడుగు ఆ చివర కిందికి ఒంగుతుంది. పరుగులో ఆ వంపు అమరాన్ని పైకి, అణియాన్ని కిందికి నెడుతుంది. పొడవాటి తిన్నని బద్దను అడుగున ఆనించి చూస్తే అది ఇట్టే పట్టుబడుతుంది.

ఇంజను దగ్గరికి వస్తే, చరిత్ర తెలియని ఇంజనుకు కొన్ని భాగాలు అడగకుండా మార్చేయడమే మంచిది. వాటిలో మొదటిది నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు. ఔట్‌బోర్డ్ చల్లబడేది సరస్సు నీటితోనే. ఆ నీటిని పైకి తోడేది అరచేతిలో ఇమిడే ఈ రబ్బరు చక్రం. ఒడ్డున నీళ్లు పెట్టకుండా ఇంజనును కాసేపు తిప్పినా అది కాలిపోతుంది. ఇంజను పక్క నుంచి సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటే పంపు పనిచేస్తున్నట్టు గుర్తు. పడవ నడిపేవాళ్లు ఆ ధారను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు చేసుకోవాలి. తర్వాత కింది గేర్ల పెట్టెలోని నూనె. మర వదులు చేయగానే వచ్చిన నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు దిగుతున్నాయి, సీళ్లు మార్చాలి. సిలిండర్లలో కంప్రెషన్ కొలిపిస్తే అంకెలు దగ్గరదగ్గరగా రావాలి. ఒకదానికీ మరొకదానికీ పది శాతానికి మించి తేడా ఉంటే ఇంజను లోపలి జబ్బు మొదలైందని అర్థం.

పెట్రోలు గురించి మరి కాస్త చెప్పాలి. అమెరికాలో మామూలు బంకుల్లో దొరికేదాంట్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో నీళ్లు, ఆల్కహాల్ కలిసి అడుగుకు చేరి విడిపోతాయి. ట్యాంకు గొట్టం పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. పాత పడవ పూర్తి వేగంలో తడబడితే ఇంజనును తిట్టుకునే ముందు ట్యాంకు ఖాళీ చేయించి, నీటిని వేరుచేసే ఫిల్టరు మార్చి, పగుళ్లు పట్టిన రబ్బరు గొట్టాలు, చేత్తో నొక్కే పంపు బంతి కొత్తవి వేయించాలి. పదిహేను శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు కొన్ని బంకుల్లో చౌకగా దొరుకుతుంది. పడవ ఇంజన్లలో దాన్ని పోయడం అక్కడ నిషిద్ధం.

పోయిన వేగానికి సులువైన కారణం ఒకటుంది. దాన్ని అందరూ ఆఖరున చూస్తారు. ఇంజను ఆపి ఉండగా ఒకరు లీవరును ముందుకు నెట్టాలి, ఇంకొకరు ఇంజను మూత తీసి థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. సాగిపోయిన కేబులు వల్ల ముప్పావు వంతే తెరుచుకునే పడవలు తక్కువేమీ కాదు.

ఇవన్నీ సరిచేశాకే ప్రొపెల్లరు సంగతి. ముందే మారిస్తే తడిసిన పడవకు సరిపోయే ప్రొపెల్లరు కొన్నట్టవుతుంది. ప్రొపెల్లరుకు రెండు కొలతలుంటాయి. మొదటిది వ్యాసం. రెండోది పిచ్: ఒక చుట్టు తిరిగితే, ప్రొపెల్లరు నీళ్లలో జారకుండా ఉంటే, పడవ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్నది. 115 హార్స్ పవర్ ఇంజన్లకు పూర్తి వేగంలో నిమిషానికి 5000 నుంచి 6000 చుట్లు సాధారణంగా చెప్పే హద్దు. ఇంజను 5500 చుట్లు తిరుగుతోందని, గేర్లు దాన్ని సగానికి తగ్గిస్తున్నాయని, పిచ్ 17 అంగుళాలని అనుకుంటే ప్రొపెల్లరు నిమిషానికి 2750 చుట్లు తిరుగుతుంది. ఆ సంఖ్యను 17తో గుణించి 1056తో భాగిస్తే గంటకు 44 మైళ్లు. ఇది కాగితం మీది వేగం. నీళ్లు మెత్తనివి కనుక పది, పదిహేను శాతం జారుడు పోవడం మామూలే. జీపీఎస్ 38, 39 చూపిస్తే పడవ బాగున్నట్టు. 31 చూపిస్తే ముప్పై శాతం జారిపోతోందన్నమాట. ప్రొపెల్లరు రెక్క వంగి ఉండాలి, ఇంజను మరీ పైకి బిగించి ఉండాలి, లేదా ప్రొపెల్లరు నడుమనున్న రబ్బరు బుష్ పట్టు వదిలేసి ఉండాలి. చుట్లు ఒక్కసారిగా ఎగబాకి పడవ మాత్రం నిలబడిపోతే ఆ బుష్షే దోషి.

చుట్లు 5000 కూడా చేరకపోతే పిచ్ ఎక్కువైంది. ఎత్తు మీద బండిని టాప్ గేరులో ఎక్కించినట్టు ఇంజను మూలుగుతుంది, లోపల వేడెక్కుతుంది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే ఇంచుమించు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. ఆరుగురిని ఎక్కించుకుని, ట్యూబు మీద పిల్లల్ని లాగే కుటుంబ పడవకు చుట్లు హద్దులో పై సగానికి చేరే ప్రొపెల్లరే సరైనది. ఒక్కడే వెళ్లి అంకె చూసి మురిసిపోయే ప్రొపెల్లరుతో వారాంతం మధ్యాహ్నాలు గడవవు. స్టీలు ప్రొపెల్లరు కొంచెం ఎక్కువ వేగం ఇస్తుంది, నిజమే. కానీ మునిగిన మొద్దుకు తగిలినప్పుడు అల్యూమినియం రెక్క తాను వంగి గేర్లను కాపాడుతుంది. టెక్సాస్ జలాశయాల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు అల్యూమినియమే మేలు, ఒకటి విడిగా పడవలో ఉంచుకుంటే ఇంకా మేలు.

ఇంజను ఎత్తు కూడా చూడాలి. ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే పలక ఇంచుమించు పడవ అడుగుతో సమానంగా ఉండాలి. అది బాగా కిందికి ఉంటే అనవసరమైన లోహాన్ని నీళ్లలో ఈడ్చుకుపోతున్నట్టు. ఇంజను బిగించే పై రంధ్రాలు ముప్పావు అంగుళం ఎడంలో ఉంటాయి. ఒక రంధ్రం పైకి జరిపితే కొన్ని పడవలు కొత్త ప్రాణం పోసుకున్నట్టు కదులుతాయి.

మిగిలింది నడిపేవాళ్ల బొటనవేలి పని. లీవరు పిడి మీద ఉండే ట్రిమ్ మీట ఇంజనును లోపలికీ బయటికీ వంచుతుంది. బయల్దేరేటప్పుడు పూర్తిగా లోపలికి ఉంచితే అణియం వంగి పడవ తొందరగా నీటి మీదికి ఎక్కుతుంది. ఎక్కాక కొద్దికొద్దిగా బయటికి వంచుతూ పోతే అణియం తేలికపడుతుంది, స్టీరింగు వదులవుతుంది, అదే లీవరు దగ్గర చుట్లు పెరుగుతాయి. ఇంకా వంచితే పడవ గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు కాస్త లోపలికి తీసుకుంటే అదే దాని ఉత్తమ స్థానం. బిగువైన మలుపు తిప్పే ముందు మళ్లీ లోపలికి. ఇది పుస్తకం చదివితే రాదు. ఖాళీ నీళ్లలో ఒక ఉదయమంతా ఇదే పనిగా చేస్తే చేతికి పట్టుబడుతుంది. అయినా మొదటి నెల దాటకుండానే చాలామంది ట్రిమ్‌ను మరిచిపోయి లీవరునే నమ్ముకుంటారు. పడవలో సగం ఆనందం వాళ్లకు అందకుండా పోతుంది.

మనుషుల్ని ఎక్కడ కూర్చోబెట్టామన్నదీ లెక్కే. అందరూ వెనుక సీట్లో చేరితే ఏ ప్రొపెల్లరూ ఆ పడవను తొందరగా పైకి లేపలేదు. ఇద్దరిని ముందుకు పంపితే చాలు.

మార్పు చేసిన ప్రతిసారీ కొలవాలి. సగం ట్యాంకు, అవే ఇద్దరు మనుషులు, గాలి లేని పొద్దు, ఒకే దారిలో పోయి వచ్చి రెండు వేగాల సగటు. ఒక చిన్న నోటు పుస్తకంలో చుట్లు, వేగం, ప్రొపెల్లరు పిచ్, ఆనాటి ఎండ రాసుకోవాలి. వేడి గాలి పలుచనిది, ఇంజను శక్తిని తగ్గిస్తుంది. ఏప్రిల్‌లో వచ్చిన అంకె ఆగస్టులో రాకపోతే కంగారు పడనక్కర్లేదు.

ఇంత చేశాక కూడా పెద్ద ఇంజను మీద మనసు పోతే ఒక లెక్క చూసుకోవాలి. నీటి మీద జారే పడవల్లో వేగం శక్తికి వర్గమూలంగా పెరుగుతుంది. 115 తీసి 150 పెడితే శక్తి ముప్పై శాతం పెరిగినా, వేగం పద్నాలుగు శాతమే పెరుగుతుంది. 38 మైళ్లు 43 అవుతాయి. ఆ అయిదు మైళ్ల కోసం వేల డాలర్లు పోస్తారు. పైగా ఇరవై అడుగుల లోపు పడవల్లో ఎంత బరువు, ఎంతమంది, ఎంత హార్స్ పవర్ అని చెప్పే పలక తాపడం చేసి ఉంటుంది. దాన్ని దాటకూడదు. పెట్రోలు సంగతి చూసినా అంతే. పూర్తి వేగంలో 115 ఇంజను గంటకు ఇంచుమించు పదకొండు గ్యాలన్లు తాగుతుంది. 3500, 4000 చుట్ల మధ్య తీరిగ్గా పోతే అందులో సగంతో సరిపెడుతుంది. ఆ తీరిక వేగంలోనే పక్కనున్నవాళ్ల మాటలు వినపడతాయి. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతాది అత్యవసరానికి అన్నది పెట్రోలుకు పాత కట్టుబాటు.

పడవకు బ్రేకు ఉండదు. స్టీరింగు తిప్పితే ముందు పక్కకు జరిగేది అణియం కాదు, అమరం. కారు అలవాటుతో రేవు దగ్గరికి వచ్చేవాళ్లు ఈ రెండూ మరిచిపోయి గట్టుకు గుద్దుకుంటారు. జనం లేని వారపు రోజున ఒక తేలే బంతిని నీళ్లలో వదిలి, దాన్నే రేవుగా భావించి, గేరు వేసీ తీసీ నెమ్మదిగా దాని పక్కకు చేరడం ఇరవై సార్లు సాధన చేస్తే భయం పోతుంది. టెక్సాస్‌లో మరో పడవకు, మనిషికి, రేవుకు యాభై అడుగుల లోపు ఎలాగూ నడక వేగమే చట్టం.

నిర్భయంగా ఉన్నప్పుడే విహారం రుచిస్తుంది. ఇంజను ఆపే తాడు నడిపేవాళ్ల ఒంటికి తగిలించుకోవాలన్నది 2021 ఏప్రిల్ 1 నుంచి, ఇరవై ఆరడుగుల లోపు పడవలకు, సమాఖ్య చట్టం. నడిపే మనిషి నీళ్లలో పడితే ఇంజను ఆగిపోతుంది, లేకపోతే అదే పడవ చుట్టూ తిరిగి వచ్చి ఆ మనిషినే కొట్టవచ్చు. ప్రతి మనిషికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్టు ఉండాలి. పదమూడేళ్ల లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ దాన్ని తొడుక్కునే ఉండాలి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పదిహేను హార్స్ పవర్ దాటిన పడవ నడపాలంటే టెక్సాస్‌లో బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. అంతకుముందు పుట్టినవాళ్లు కూడా చదవదగిన కోర్సు అది. ఇంజను నడుస్తుండగా అమరం మెట్టు మీద ఎవరినీ కూర్చోనివ్వకూడదు. అక్కడ పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

అక్కడి జలాశయాల అడుగున ఒకప్పటి అడవులున్నాయి. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు, ఎండాకాలం నీటిమట్టం తగ్గగానే ప్రొపెల్లరుకు అందేంత పైకి వస్తాయి. కొత్త సరస్సులో మొదటి రోజు నెమ్మదిగా తిరిగి, గుర్తులు పెట్టిన దారులు తెలుసుకున్నవాళ్లే రెండో రోజు ధీమాగా పరుగు తీయగలరు. పొద్దున్న ఏడింటికి లూయిస్‌విల్ నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నానికి ప్రెయిరీ గాలి లేచి అదే సరస్సును గతుకుల బాటగా మారుస్తుంది. పెందలాడే బయల్దేరిన పడవకు ప్రొపెల్లరు మార్చినంత లాభం కనిపిస్తుంది.

టెక్సాస్ నీళ్లలో జీబ్రా మసెల్ అనే చిన్న గుల్ల జీవి 2009లో టెక్సోమాలో కనిపించింది. పడవల్లో మిగిలిన నీటితో పాటు సరస్సు నుంచి సరస్సుకు పాకింది. అందుకే 2014 నుంచి రాష్ట్రమంతటా, సరస్సు వదిలిన ప్రతి పడవా లోపలి నీళ్లన్నీ వంపేసుకునే పోవాలి. అమరం అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ తీసేస్తేనే అది కుదురుతుంది. ఇంటిదాకా పడవ ప్లగ్ లేకుండానే ప్రయాణిస్తుంది. మళ్లీ వారం దాన్ని బిగించడం మరిచిపోయి ర్యాంపు మీద వెనక్కి దింపినవాళ్ల పడవలు రేవు పక్కనే కుంగిపోతాయి. ప్లగ్‌ను పడవ తాళంచెవికే కట్టి ఉంచండి. అది చేతిలో ఉన్నంతవరకు పడవ ట్రెయిలరు దిగకూడదు.